గోడ మీద తుప్పు

మన భాషలో క్రియకు తోక ఉంటుంది. మగవాడైతే ‘వచ్చాడు’, ఆడమనిషైతే ‘వచ్చింది’. గుర్రమైనా, బస్సైనా కూడా ‘వచ్చింది’. బడికెళ్ళే పిల్లలకు కూడా తెలిసిన సంగతే. నాకు మాత్రం దాని మీదే జీతం.

‘ఇనుపకోట’ అనే ఫోన్ ఆటను తెలుగులోకి మార్చేది నేను. ఇప్పటికి మూడు భాగాలొచ్చాయి. మెట్ల పక్కన ఇరుకు గది, నాలుగు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. గది చివర అద్దాల వెనక మా సూపర్‌వైజరు కూర్చుంటాడు. ఏ మాటన్నా చివర్లో “ఇదే ఫైనల్” అంటాడు గనుక ఆయన్ను ఫైనల్ గారు అంటాం. ఆయనకు ఆ సంగతి తెలుసు. లోపల సంతోషమే అనుకుంటాను.

ఆటలో ప్రతి వాక్యానికీ పేరు దగ్గర ఒక ఖాళీ ఉంటుంది. ఆడేవాళ్ళు ఏ పేరు పెట్టుకుంటే అది వచ్చి ఆ ఖాళీలో పడుతుంది. ‘ఫలానా ద్వారాన్ని కాచాడు’, ‘ఫలానా పడిపోయాడు’. పేరు ఎవరిదో తెలియకముందే నేను తోక తగిలించాలి. మొదటి భాగం చేస్తున్నప్పుడు ఫైనల్ గారిని అడిగాను, అమ్మాయిలు ఆడితే ఎలా అని.

“ఆడరు,” అన్నాడు. “కంపెనీ కాగితంలోనే ఉంది చూడు. పద్నాలుగు నుంచి ఇరవయ్యెనిమిదేళ్ళ మగవాళ్ళ కోసం. పైగా ‘పడిపోయింది’ అంటే గుర్రం పడిపోయినట్టుంటుంది. అన్నిటికీ ‘డు’ పెట్టు. ఇదే ఫైనల్.”

గుర్రం మాటకు నేను కూడా నవ్వాను. అబద్ధమెందుకు, నాకూ పని సగం తగ్గింది. రెండువేల నూరు వాక్యాలకు ‘డు’ తగిలించాను. తర్వాత ఎవరైనా పొరపాటున మనుషుల పేర్ల దగ్గర ‘ది’ రాస్తే, ఆట బయటికి వెళ్ళేముందు దాన్ని పట్టుకుని దానంతటదే సరిచేసే నియమం ఒకటి రాసి ఫైలుకు అంటగట్టాను. ఆ ఏడాది అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.

ఇక ఇంట్లో ఆ ఆట ఆడింది మా చెల్లి.

దాన్ని మేం తుప్పు అని పిలిచేవాళ్ళం. చిన్నప్పుడు ఇంటి ముందున్న పాత ఇనుపగేటు ఎక్కి ఊగి, ఎర్రటి చేతులు తెచ్చి అమ్మ చీరకు తుడిచేది. ఉతికి ఉతికి విసిగిపోయి అమ్మ పెట్టిన పేరది. ఆటలోనూ అదే పేరు పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళకే దాని కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్ మెషీను పక్కన నాలుగేసి గంటలు పడుకోవాలి. కుడిచేతికి సూదులు, ఎడమచేతిలో ఫోను. ఆ ఒక్క బొటనవేలితో కోట ద్వారం కాచేది. ఎనిమిది మంది జట్టులో ద్వారం దానిదే, అవతలి జట్లలో దాన్ని దాటి లోపలికి వెళ్ళినవాడు లేడు.

ఒకే ఒక్కసారి మైకు పెట్టి మాట్లాడింది. అవతల ఒకడు, “అమ్మాయివా? పోయి బొమ్మలకు జడలెయ్యి,” అన్నాడట. ఆ రోజు జట్టంతా దాన్ని ద్వారం దగ్గర ఒంటరిగా వదిలేసి వెళ్ళిపోయింది. వారం తర్వాత వేరే జట్టులో చేరింది. ఇక నోరు విప్పలేదు. వాళ్ళు “అన్నా” అంటే సరేనన్నట్టు బొటనవేలి బొమ్మ పంపేది.

“అక్కా, నేను పడిపోతే ‘పడిపోయాడు’ అంటుందేంటి నీ ఆట?” అని నన్ను అడిగింది ఒకసారి.

“గుర్రానికీ నీకూ తేడా తెలియాలిగా,” అన్నాను.

“అయితే గుర్రమే నయం. దాని తోక దానికి దక్కింది.” నవ్వి, మళ్ళీ అంది. “మూడో భాగంలోనైనా మార్చక్కా. ఒక్కసారి చూడాలనుంది.”

“చూద్దాంలే,” అన్నాను. మా ఆఫీసులో చూద్దాంలే అంటే లేదని అర్థం. అది దానికి తెలియదు, నమ్మింది. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

వానలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం, మెషీను మీద ఉండగానే దాని గుండె ఆగిపోయింది. నేను ఆఫీసు నుంచి వెళ్ళేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు. మంచం కింద పడిన ఫోను తీసి నర్సు నా చేతికిచ్చింది. తెర ఇంకా వెలుగుతూనే ఉంది. ‘తుప్పు పడిపోయాడు’ అని ఉంది దాని మీద. నేను రాసిన వాక్యమే. అక్షరాల మధ్య ఎడం కూడా నేను సరిచూసిందే.

ఇరవై రోజుల తర్వాత దాని ఫోను తెరిచాను. జట్టువాళ్ళ సందేశాలు నిండిపోయి ఉన్నాయి. ఎక్కడున్నావన్నా, ద్వారం పోయిందన్నా, అలిగావా అన్నా. వాళ్ళకు చెప్పడం నా ధర్మం అనిపించింది. ‘తుప్పు చనిపోయింది’ అని టైపు చేశాను.

“ఏది చచ్చింది, ఫోనా?” అని ఒకడు రాశాడు. “చార్జింగ్ పెట్టుకోరా అన్నా,” అని ఇంకొకడు. కింద వరసగా నవ్వు బొమ్మలు.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు విడమరిచి చెప్పి ఉండాల్సింది. అది మా చెల్లి అని, ఆడపిల్ల అని, ఎడమచేత్తో ఆడేదని. చెబితే బొమ్మలు జడలు అంటారేమోనని భయమేసింది. చచ్చిపోయిన పిల్లను కూడా వదిలేసి పోతారేమోనని. ఏడుస్తూ ‘తుప్పు చనిపోయాడు’ అని మళ్ళీ రాశాను. వెంటనే అర్థమైంది వాళ్ళకు. ఏడుగురూ ఏడ్చారు. మొనగాడన్నారు, అలాంటి మగాడు మళ్ళీ పుట్టడన్నారు. వేలమంది చేత కంపెనీకి రాయించారు. కంపెనీ ఒప్పుకుంది. మూడో భాగంలో కోటగోడ మీద, పోయిన నూటపన్నెండు మంది ఆటగాళ్ళ వరసలో దాని పేరు కూడా చెక్కుతామంది.

అమ్మకు చెప్పాను. చెల్లి పోయాక అమ్మ నన్ను ఏదీ అడగలేదు. ఆ రోజు మాత్రం, “దాని పేరు ఎప్పుడు వేస్తారు? నాకు చూపిస్తావా?” అంది. శుక్రవారం అన్నాను. అమ్మకు తెలియనిది ఒక్కటే. పేరుతో పాటు వాక్యం కూడా వస్తుందని, దానికి తోక ఉంటుందని.

సోమవారం అద్దాల గదిలోకి వెళ్ళాను. అది మా చెల్లి అని చెప్పాను. ఫైనల్ గారు పెన్ను కింద పెట్టాడు. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత అసలు మాటకొచ్చాడు.

“ఒక్క వాక్యానికి ‘ది’ పెడితే అమ్మాయి అని తెలిసిపోతుంది కదమ్మా. గొడవవుతుంది. ఇది మగపిల్లల ఆట.”

“దాన్ని దాటి పోయిన మగపిల్లాడు ఒక్కడు లేడండీ.”

“నాకు తెలుసు. కంపెనీ కాగితానికి తెలియదు.”

“పోనీ, గౌరవంగా ‘కాచారు’ అని పెడతాను. ఆడా మగా తెలియదు.”

“మిగతా నూటపన్నెండు మందికీ లేని గౌరవం ఈ ఒక్కరికేంటని అడుగుతారు. వదిలెయ్యమ్మా.” ఈసారి ఫైనల్ అనలేదు. ఆ పాటి దయ చూపించాడు.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక నేనే ఫైలు తెరిచాను. ‘తుప్పు చివరి ఊపిరి దాకా ద్వారాన్ని కాచింది’ అని మార్చి భద్రపరిచాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఏడేళ్ళలో నేను రాసిన ఒకే ఒక్క సరైన వాక్యం అనిపించింది. మా చెల్లికి చూద్దాంలే అన్నది చూపించేశాను అనుకుని, చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

శుక్రవారం పొద్దున అప్‌డేట్ వచ్చింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నేను గోడ తెరిచి, తుప్పు పేరు దగ్గర ఆపి ఫోను చేతికిచ్చాను. అమ్మ వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

“తుప్పు... చివరి ఊపిరి దాకా... ద్వారాన్ని కాచాడు.”

‘ది’ని ‘డు’ చేసే నా పాత నియమం దాని పని అది చేసేసింది. నేను అంత పకడ్బందీగా రాశాను మరి.

“ఇది మనది కాదే,” అంది అమ్మ. “ఎవరో అబ్బాయి. మనది కింద ఎక్కడో ఉంటుంది.”

తనే గోడను పైకి జరుపుతూ ఒక్కో పేరూ చదువుకుంటూ పోయింది. కాచాడు, పడిపోయాడు, నిలబడ్డాడు, పోరాడాడు. గోడ అయిపోయింది. అమ్మ మళ్ళీ మొదటికి వచ్చి, తుప్పు దగ్గర వేలు ఆపింది.

“మనదాన్ని మర్చిపోయినట్టున్నారు,” అంది. కాసేపు ఆ పేరునే చూసింది. “వీణ్ణి కూడా తుప్పు అనే పిలిచేవాళ్ళేమో ఇంట్లో. ఎంత వయసో ఏమో. వీళ్ళమ్మ ఎలా ఉందో పాపం.”