భోజనాల షరతు

కర్నూలులో జిల్లా పోటీలు గెలిచి వచ్చిన కొద్ది రోజులకే మార్కాపురం బజారులో ఒక మాట పుట్టింది. పలకల వ్యాపారి చెన్నకేశవరావు గారి బాస్కెట్‌బాల్ జట్టులోంచి ఇద్దరు కుర్రాళ్ళను రైల్వే వాళ్ళు గుంతకల్లుకు తీసుకుపోతారని.

ఆ ఇద్దరూ యేసుదాసు, ఏబేలు. తర్లుపాడు దగ్గర పల్లెవాళ్ళు, వరసకు బావా బామ్మర్దులు. మిషన్ హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి దొరల దగ్గర ఆట నేర్చుకున్నారు. చదువు ఆగిపోయాక చెన్నకేశవరావు గారి కార్ఖానాలో పలకలు నునుపు చేసే పనికి కుదిరారు. మద్రాసులో ఒకసారి ఆట చూసి మోజుపడిన ఆయన కార్ఖానా వెనక నేల చదును చేయించి రెండు రింగులు పాతించాడు. జట్టులో తక్కిన వాళ్ళు గుమస్తాలు, దుకాణాల వాళ్ళ పిల్లలు, ఇద్దరు ముగ్గురు రైతుబిడ్డలు. వాళ్ళెవరూ చెడ్డగా ఆడేవాళ్ళు కాదు. కానీ యేసుదాసు బంతి అందిస్తే ఏబేలు బుట్టలో వేయడమనేది వేరే సంగతి. యేసుదాసు తల తిప్పి చూసేవాడు కూడా కాదు. బావ ఎక్కడ ఉంటాడో అతని చేతులకు తెలుసు.

రైల్వే మాట విన్న మర్నాడే చెన్నకేశవరావు గారు ఇద్దరినీ ఆఫీసు గదికి పిలిపించాడు. గుమస్తా నాగభూషణరావు స్టాంపు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. జట్టు ప్రయాణాలన్నీ చూసుకునేది కూడా ఆయనే.

"మూడేండ్లు నా జట్టుకే ఆడాల. ఇంకెవరి దగ్గరికీ పోగూడదు," అన్నాడు చెన్నకేశవరావు గారు. "రాతిపొడిలో పని ఇంక వద్దు, లెక్కలు చూసే పని ఇప్పిస్తా. ఖాయం ఉద్యోగం. బూట్లు, బట్టలు నావి. ఇంకేం గావాల్నో అడగండి."

యేసుదాసు బావ వైపు చూశాడు. అడగాల్సింది ఏమిటో ఇద్దరూ దారిలోనే అనుకున్నారు.

"అవన్నీ మంచివే సెట్టిగారూ," అన్నాడు ఏబేలు. "ఊరు పోయినప్పుడు భోజనాల కాడ అందరూ సత్రం హాల్లో కూచుంటారు. మాకిద్దరికీ పెరట్లో బావి పక్కన విస్తర్లు ఏస్తారు. ఇకమీదట అట్ల గాకుండా, అందరితో పాటు ఒకే పంక్తిలో అని రాయించండి."

నాగభూషణరావు కలం కింద పెట్టాడు. చెన్నకేశవరావు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నాకేం పట్టింపు లేదు ఏబేలూ. ఈ పిల్లోళ్ళ ఇండ్లల్లో ఏమంటారో చెప్పు. రేపు ఒక్కడు మానుకుంటే అందరూ మానుకుంటారు."

"బంతి ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుంటాం గదా."

"అది ఆట."

"మేం ఆట కోసమే గదా సెట్టిగారూ సంతకం పెట్టేది," అన్నాడు ఏబేలు. గొంతు పెంచలేదు.

ఆ రోజు తెగలేదు. తర్వాత పిలిచిన రోజు కూడా తెగలేదు. ఈసారి చెన్నకేశవరావు గారు ఇద్దరికీ కార్ఖానా పక్కనే ఇల్లు ఇస్తానన్నాడు. ఏబేలు పంక్తి మాట ఒక్కటే మళ్ళీ అడిగాడు.

ఆదివారం ప్రార్థన అయి గుడి విడిచే వేళకు నాగభూషణరావు సైకిలు తొక్కుకుంటూ పల్లెకు వచ్చాడు. యేసుదాసును ఒక్కణ్ణే పక్కకు పిలిచాడు.

"నువ్వు నెమ్మదస్తుడివి. మీ బావ తలబిరుసు మనిషి, వాడు రైల్వేకి పోతే పోనీ. నువ్వు సంతకం పెట్టు. నిన్ను కెప్టెన్ని చేస్తానన్నాడు సెట్టిగారు."

"బావ లేకుండా నేను పెట్టనయ్యా," అన్నాడు యేసుదాసు.

"ఆలోచించుకో."

"ఆలోచించేదేం లేదయ్యా. బావ లేకపోతే బంతి ఎవరికియ్యాల?"

ఈ సంగతి అతను ఏబేలుకు చెప్పలేదు. చెప్పుకోవాల్సిన గొప్పగా అతనికి తోచలేదు.

నంద్యాల పోటీలు దగ్గర పడుతున్నాయి. చివరికి చెన్నకేశవరావు గారే మెత్తబడ్డాడు. కాగితం మీద, భోజనాల దగ్గర ఆటగాళ్ళ మధ్య ఏ విధమైన భేదమూ చూపబడదు అని రాయించాడు. పంక్తి అన్న మాట ఎందుకు లేదని ఏబేలు అడిగాడు. "భేదం ఉండదంటే అన్నీ వచ్చినట్టే గదప్పా," అన్నాడు నాగభూషణరావు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ యేసుదాసు నవ్వుతూనే ఉన్నాడు.

నంద్యాలలో ఈసారి సత్రం కాదు. నాగభూషణరావు ఒక లాడ్జిలో ఒక్కొక్కరికి ఒక్కో చిన్న గది తీసుకున్నాడు. జట్టు అంతా ఆశ్చర్యపోయింది. సాయంత్రం మ్యాచి గెలిచి వచ్చి స్నానాలు చేసి ఎదురు చూస్తుంటే, హోటలు మనిషి బుట్ట నిండా అన్నం పొట్లాలు తెచ్చి గది గదికీ ఒకటి ఇచ్చి పోయాడు.

యేసుదాసు పొట్లం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. అటూ ఇటూ తలుపులు వేసి ఉన్నాయి. ఏబేలు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చూసినావా, ఎవురికీ భేదం లేదు," అన్నాడు ఏబేలు.

"పోనీలే బావా. బావి పక్కన కాదు గదా."

"బావి పక్కన నువ్వన్నా ఉంటివి."

ఏబేలు పొట్లం విప్పనైనా లేదు. పొద్దున్నే సంచి సర్దుకుని స్టేషనుకు బయలుదేరాడు. యేసుదాసు వెంట పడ్డాడు.

"గుంతకల్లు బండికి టైమయింది. రా, పోదాం," అన్నాడు ఏబేలు ప్లాట్‌ఫారం మీద.

"మధ్యాన్నం మ్యాచి ఉంది గదా. నడుమ ఎట్ల ఇడిసిపెట్టి పోతాం? సంతకం చేసినాం."

"వాళ్ళు చేసిన సంతకం ఏమాయె?"

యేసుదాసు ఎక్కాలనే అనుకున్నాడు. మ్యాచి అయ్యాక ఎక్కుతానన్నాడు. బండి కదిలింది. ఏబేలు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు.

మ్యాచి అయింది, ఓడిపోయారు. ఆట సగంలో యేసుదాసు విసిరిన బంతి ఎవరూ లేని చోటికి పోయింది. ప్రేక్షకులు నవ్వారు. ఆ సాయంత్రం ఎక్కుదామనుకున్న బండి అతను ఎక్కలేదు. మార్కాపురం వచ్చాక, వచ్చే నెల పోదామనుకున్నాడు. ఆ నెల పోయింది. ఒప్పందం తప్పిన ఏబేలును చెన్నకేశవరావు గారు కోర్టుకు లాగలేదు. "పోయినోడు పోయినాడు. ఉన్నోడే మనోడు," అని యేసుదాసును కెప్టెన్ని చేశాడు. అలా అన్న మనిషిని వదిలి పోవడం యేసుదాసుకు చేతకాలేదు.

కెప్టెన్ మాట మైదానంలో అందరూ వినేవాళ్ళు. మైదానం దాటితే అతనితో మాట్లాడేవాళ్ళు తక్కువ. ఇదివరకు సత్రాల్లో భోజనాలప్పుడు జట్టుకు పండగలా ఉండేది. ఓడిన ఆటలు కూడా అక్కడ నవ్వులాటగా మారేవి. బావి పక్కన కూర్చున్న వాళ్ళిద్దరికీ ఆ నవ్వులు వినబడేవి. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళు గోడ వైపు చూస్తూ తినడమే. దానికి కారణం ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాడు.

రెండో ఏడు కర్నూలులో ఒక వానరోజు ఆట రద్దయింది. యేసుదాసు పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. తలుపు తట్టిన చప్పుడైంది. ఓబులయ్య, గిద్దలూరు వైపు రైతుబిడ్డ, చేతిలో తన పొట్లంతో నిలబడి ఉన్నాడు.

"ఒక్కన్నే తినలేకపోతన్నా అబ్బీ," అన్నాడు.

యేసుదాసు పక్కకు జరిగాడు. ఇద్దరూ చాప మీద కూర్చుని తిన్నారు. ఓబులయ్య తన పొట్లంలోని వడియాలు సగం తీసి ఇతని ఆకులో వేశాడు. వాన గురించి, వాళ్ళ చేలో వేసిన సజ్జ గురించి చెప్పాడు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "మా ఇంట్లో తెలీనీగాకు," అన్నాడు. "చెప్పనులే," అన్నాడు యేసుదాసు. ఆ తర్వాత ప్రతి ఊళ్ళో అతను తలుపు కొంచెం తెరిచి ఉంచేవాడు. ఓబులయ్య మళ్ళీ రాలేదు. ఆ ఏడే అతనికి పెళ్ళయింది, జట్టు మానుకున్నాడు.

మూడేళ్ళు నిండాక చెన్నకేశవరావు గారు మళ్ళీ పిలిపించాడు. నాగభూషణరావు కొత్త కాగితం ముందుకు జరిపాడు. పాత షరతులన్నీ అలాగే ఉన్నాయి. యేసుదాసు భోజనాల మాట దగ్గర ఆగాడు.

"ఇది జరిగిందా సెట్టిగారూ?" అని అడిగాడు.

చెన్నకేశవరావు గారు నిజంగానే నొచ్చుకున్నాడు. "జరగలేదా? అందరికీ ఒకే హోటలు అన్నం, ఒకే రకం గది. నీకు తక్కువ చేసిన రోజు ఒక్కటి చెప్పు."

యేసుదాసు ఆలోచించాడు. అట్లాంటి రోజు ఒక్కటీ లేదు.

"తక్కువ చేయలేదయ్యా."

"మరి ఏంది?"

ఆ ఏందో ఏబేలు ఉంటే చెప్పేవాడు. "నాకింక ఆట చాలు," అని నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. లెక్కల పని కూడా ఆ రోజుతోనే పోయింది. ఇంకొకరి కార్ఖానాలో మళ్ళీ రాతిపొడిలో కూర్చున్నాడు.

ఎండాకాలంలో పని మందగించినప్పుడు మార్కాపురం రోడ్డు స్టేషనులో గుంతకల్లు బండి ఎక్కాడు. ఏబేలు స్టేషనుకే వచ్చాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. "ఎండిపోయినావేంది బామ్మర్దీ," అని భుజం మీద చెయ్యేసి రైల్వే మెస్సుకు తీసుకుపోయాడు.

అక్కడ పొడుగాటి బల్ల. తమిళులు, కన్నడం వాళ్ళు, తెలుగువాళ్ళు, అందరూ ఒకేసారి మాట్లాడుతూ తింటున్నారు. ఏబేలు యేసుదాసును తన పక్కనే కూర్చోబెట్టాడు. ఎదుటివాడు తమిళంలో ఏదో అడిగితే ఏబేలు తమిళంలోనే జవాబిచ్చాడు. బల్లంతా నవ్వింది. యేసుదాసు కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

అన్నం కలిపాడు గానీ, ఇంతమంది మధ్య ఎటు చూస్తూ తినాలో అతను మరిచిపోయాడు. ఎవరో సాంబారు గిన్నె అతని ముందుకు తోశారు. ఎవరో తీసుకున్నారు. మాటలు అతని తల మీదుగా అటూ ఇటూ పోతున్నాయి. చూస్తుండగానే వాళ్ళ భోజనాలు అయిపోయాయి. ఒక్కొక్కరే లేచి చేతులు కడుక్కోను పోయారు. యేసుదాసు ప్లేటులో సగం అన్నం అలాగే ఉంది. గబగబా రెండు ముద్దలు తిని లేవబోయాడు.

ఏబేలు అప్పటికే తినేశాడు. చెయ్యి ఎండిపోతున్నా లేవలేదు.

"ఏం తొందర లేదు, నిదానంగా తిను," అన్నాడు. "నేను కూచుంటా."