కోడలు రఫ్ఫు చేసిన కోటు

చిరిగిన బట్టకు రఫ్ఫు చేయడంలో ఆ కోడలిది తిరుగులేని చెయ్యి. అదే బట్ట మడతలోంచి దారం లాగి, పోగు పక్కన పోగు నేసి, చిరుగు ఎక్కడుండేదో తొడుక్కునేవాళ్లకే తెలియకుండా చేసేది. తన రఫ్ఫు కొట్టుకు వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకుంటే "ఏముందిలెండి" అనేది, లోలోపల పొంగిపోతూనే. అలాంటి మనిషి ఇంట్లోనే, చెక్కపెట్టెలో, ఎడమ ఛాతీ దగ్గర కన్నంతో ఒక కోటు పడి ఉండటం ఆవిడకు ఏళ్ల తరబడి కంట్లో నలుసైంది.

అది మామగారి కోటు. యుద్ధం నుంచి ఆయన రాలేదు, శవమూ రాలేదు. కోటు వచ్చింది. అప్పటికి కోడలి భర్త చంటిపిల్లవాడు. అప్పటినుంచీ అత్తగారు మధ్యాహ్నం పూట పెట్టె తీసి, కోటు ఒళ్లో వేసుకుని, ఆ తూటా కన్నంలో చిటికెన వేలు పెట్టుకుని కూర్చునేది. చూపు పూర్తిగా పోయాక కూడా ఆ పని మానలేదు.

ఈ ఏడు బడిలో, యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే సభకు వాళ్ల మనవలు ఆ పోయినవాళ్ల బట్టలే తొడుక్కుని రావాలన్నారు. తొమ్మిదేళ్ల మనవరాలు ఎగిరి గంతేసింది. అత్తగారు మొదటిసారిగా పెట్టె తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

"కాస్త ఎండలో వెయ్యమ్మా, చాలు. నా తరవాత పిల్లదానికి చూపించడానికి ఇదొక్కటే ఉంది."

చాలంటే ఊరుకునే రకమా ఆవిడ! అత్తగారు మురిసిపోతుందనుకుని కొట్టు మూసి మరీ కూర్చుంది. మాడిన అంచులు కత్తిరించి ఊడ్చి పారేసింది. కోటు లోపలి మడతనుంచి దారాలు తీసి నేసింది. జన్మలో అంత మంచి పని చేయలేదు.

సభ రోజు పొద్దున్నే కోటు తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది.

ముసలావిడ వేలు అలవాటుగా ఎడమవైపుకు పోయింది. పైకి తడిమింది, కిందికి తడిమింది. కోటు తిప్పి కుడివైపు కూడా వెతికింది.

"ఎవరిదే ఇది?"

"మామయ్యగారిదే అత్తయ్యా. రఫ్ఫు చేశాను."

"అబద్ధాలాడకు. ఎవరికిచ్చేశావు? ఆయన్నేం చేశావే?"

కోటును అనలేదు, ఆయన్ని అంది. కోడలు గబగబా కోటు లాక్కుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. తను నేసిన చోటు తనకే దొరకలేదు. వెలుగుకు ఎత్తి పట్టుకుని, చివరికి సూదిమొనతో ఒక్కో పోగూ తెంపుకుంటూ వచ్చింది. మళ్లీ కన్నం పడింది. తెచ్చి ఇచ్చింది.

వేలు అందులో వదులుగా తిరిగింది.

"అంచులు గరగరలాడుతుండేవి," అంది ముసలావిడ. "అవేవి?"

"కత్తిరించేశానత్తయ్యా. చెత్తలో పోయాయి."

కోడలు గోడకు చేరబడి నోట్లో కొంగు కుక్కుకుంది. ఇంత నేర్పు ఎందుకబ్బిందా అని తన చేతులమీద తనకే అసహ్యం వేసింది.

మనవరాలు ఇదేమీ తెలియక, బడికి టైమైపోతోందంటూ వచ్చి కోటు తొడుక్కుంది. అది మోకాళ్లు దాటింది. ముసలావిడ పిల్ల భుజం పట్టి దగ్గరికి లాక్కుంది.

"ఈ కన్నం మీ అమ్మ చేసిందే తల్లీ. తాతయ్యకు పడింది ఇంకా చిన్నది. ఇంత."

కన్నంలోంచి చిటికెన వేలు పిల్ల ఛాతీ ఎముకకు ఆనించి నొక్కింది. పిల్ల నవ్వింది, చక్కిలిగింతలనుకుని. తరవాత నవ్వు ఆగిపోయింది. తల్లివైపు చూసింది. కోడలు ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే నిలబడిపోయింది.

"నానమ్మా, తియ్యి. నొప్పి పుడుతోంది."

"ఆయనకీ పుట్టే ఉంటుంది," అంది ముసలావిడ, వేలు ఇంకాస్త నొక్కుతూ.