మాట మీద పోసిన నారు

వచ్చే ఫిబ్రవరిలో ఈ దేశపు సూపర్‌మార్కెట్లలో కీరదోసకాయ కంటికి కనపడదని నుంజియాకు అక్టోబరులోనే తెలిసిపోయింది. ఇందులో జోస్యం ఏమీ లేదు. ఇంగ్లండ్‌లోని లీ లోయలో కీరదోసకు గాజుషెడ్లు వేసుకున్న రైతుల్లో సగం మందికి నారు పోసి ఇచ్చేది ఆవిడే. జనవరిలో ఎవరు మొక్క నాటుతారో, ఎవరు నాటరో ముందుగా తెలిసేది ఆవిడకే. మంత్రులకూ, టీవీలో వానా ఎండా చెప్పేవాళ్లకూ ఆ సంగతి ఎప్పుడో తీరిగ్గా తెలుస్తుంది. అయినా ఆవిడను అడిగిందెవరు?

ఆ నెలంతా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరిదీ ఒకటే పాట. గ్యాస్ ధర ఆకాశాన్ని తాకుతోంది, సూపర్‌మార్కెట్ వాళ్లేమో పోయినేడు ఇచ్చిన రేటే ఇస్తామంటున్నారు, ఇక షెడ్లను వెచ్చబెట్టే బాయిలర్ వెలిగించేదెలా? "ఏప్రిల్లో ఎండొచ్చాక చూద్దాంలే నుంజియా" అన్నాడొకడు. ఇంకొకడు "ఈ ఏడు నా షెడ్లో నేనూ పిల్లీ తప్ప ఏదీ ఉండదు" అని నవ్వాడు. ఆ నవ్వు విన్నాక ఆవిడకు ఆ పూట అన్నం సయించలేదు. ఏప్రిల్లో నాటితే కాయ మే నెలలో వస్తుంది. అప్పటిదాకా జనం ఏం తింటారంటే, స్పెయిన్ లేదా, మొరాకో లేదా అని సూపర్‌మార్కెట్ వాళ్ల ధీమా. అక్కడ కూడా చలి అనేది ఒకటుంటుందని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

నవంబరు వచ్చేసరికి ఆవిడకు మిగిలిన రైతు కలోజెరో ఒక్కడే. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. నుంజియా తండ్రిదీ ఆయనదీ సిసిలీలో ఒకే ఊరు. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చి, ఇంకొకరి షెడ్లలో కీరదోస కోసి కోసి, చివరికి తలో ముక్క నేల కొనుక్కున్నారు. తండ్రి నారు పోశాడు, ఆయన పంట వేశాడు. సెయింట్ మార్టిన్ పండగనాడు, ఇటాలియన్ల క్లబ్బులో కొత్త వైన్ పీపా తెరిచినప్పుడు, కలోజెరో అందరి ముందూ నుంజియా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవరు వేస్తే ఎంత, మానితే ఎంత? నా రెండు షెడ్లకీ నారు మా అమ్మాయే పోస్తుంది. పొయ్యమ్మా. ఇరవైనాలుగు వేలు."

కాగితం లేదు, సంతకం లేదు. ఆయన దగ్గర అవి ఎప్పుడూ లేవు. డిసెంబరు మధ్యలో నుంజియా విత్తనం వేసింది. తన నర్సరీలో బాయిలర్ వెలిగించింది. ఈ నారు అమ్ముడుపోతే వసంతం దాకా నెట్టుకు రావచ్చు. పోకపోతే తండ్రి పెట్టిన నర్సరీ మూత పడుతుంది. నారుకి నాలుగైదు వారాలే ఆయుష్షు, ఆ పైన తీగ సాగి, మెడ వాల్చి, ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఇదంతా ఆవిడకు తెలుసు. తెలిసే పోసింది.

అనుమానం మొదలుపెట్టింది దెసిస్లావా. బల్గేరియా నుంచి వచ్చి పదకొండేళ్లుగా నుంజియా దగ్గర పనిచేస్తున్న మనిషి, నోరు ఊరుకోదు.

"అక్కా, ఆ ముసలాయన మొక్కలు ఎప్పుడు పంపుతావని ఒక్కసారన్నా అడిగాడా? పోయినేడు రోజుకి రెండుసార్లు చంపుకు తిన్నాడుగా!"

"పెద్దాయన. మర్చిపోయుంటాడు."

"మర్చిపోతాడా? నువ్వు మూడేళ్ల కింద రెండు ట్రేలు తక్కువ పంపావని మొన్న కూడా దెప్పాడు. ఒక్క ఫోన్ కొట్టు."

"కొట్టి ఏమనను? నీ మాట మీద నాకు నమ్మకం లేదు బాబాయ్ అననా?"

దెసిస్లావా చేతులెత్తేసింది. వీళ్ల వరస తనకు పదకొండేళ్లయినా ఎక్కలేదు. ఒకసారి నుంజియా తండ్రి, ఏదో చిన్న విషయంలో, "అంతేనంటావా?" అని రెండోసారి అడిగినందుకు కలోజెరో రెండేళ్లు వాళ్ల గడప తొక్కలేదు. ఇచ్చిన మాటను మళ్లీ అడగడమంటే ఆ మనిషి ముఖాన ఉమ్మినట్టే. నుంజియా ఇంగ్లండ్‌లోనే పుట్టింది, ఇక్కడే చదువుకుంది, అయినా ఫోన్ చేతిలోకి తీసుకోవడం, మళ్లీ బల్ల మీద పెట్టడం, ఇదే పనిగా క్రిస్మస్ వెళ్లిపోయింది. క్రిస్మస్ పొద్దున చర్చి మెట్ల మీద కలోజెరో ఎదురయ్యాడు. బుగ్గల మీద ముద్దు పెట్టాడు. కళ్లలోకి మాత్రం చూడలేదు. కాలునొప్పి ఎలా ఉందని ఆవిడ అడిగింది. ఈ చలికి కాస్త ఎక్కువే అన్నాడాయన. అడగాల్సింది అడగకుండా, చెప్పాల్సింది చెప్పకుండా ఇద్దరూ ఇళ్లకు పోయారు. ఇలాంటి మర్యాదలను ఏమనాలో నాకు తెలియదు.

జనవరి మూడో వారంలో నారు సిద్ధమైంది. మొక్కకు మూడేసి ఆకులు, అరచేతంత వెడల్పు, చూస్తే కడుపు నిండేలా ఉన్నాయి. బయటేమో గడ్డి మీద మంచు గట్టిపడి, బూటు పెడితే కరకరలాడుతోంది. మొదటి లోడు నాలుగు వేలు. లారీ వెనక పెట్టెలో హీటర్ వేసి, ట్రేలు సర్ది, నుంజియానే నడుపుకుంటూ బయల్దేరింది.

దారి పొడుగునా ఒక్క షెడ్డు పొగగొట్టమూ ఊపిరి తీయడం లేదు. ఏటా ఈ రోజుల్లో ఆ దారిన పోతుంటే ఇటూ అటూ తెల్లగా ఆవిరి లేస్తుంటుంది. ఈసారి షెడ్ల లోపల నిరుటి తీగలు కట్టిన తాళ్లు ఊరికే వేలాడుతున్నాయి. ఒకచోట గాజు పగిలి లోపలికి ముళ్లపొద పాకింది. ఆవిడ చూడకూడదనుకుంటూనే అన్నీ చూసింది. నేజింగ్ ఊరి మలుపు తిరిగేసరికి చెట్ల పైన, సరిగ్గా కలోజెరో షెడ్లున్న చోట, పొగ.

"వెలిగించాడు!" అని పైకే అనేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన్ను అనుమానించినందుకు సిగ్గేసింది. దెసిస్లావాకు వెనక్కెళ్లాక నాలుగు చీవాట్లు పెట్టాలనుకుంది. హారన్ కొడుతూ గేట్లోకి పోనిచ్చింది.

షెడ్డు లేదు.

రెండో షెడ్డుకి ఇంకా సగం ఎముకలు మిగిలి ఉన్నాయి. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు మనుషులు గాజు పలకలు ఊడదీసి పేరుస్తున్నారు. మొదటి షెడ్డు ఉన్న చోట నేల చదునుగా, నగ్నంగా పడి ఉంది. దాని చెక్క చట్రాలన్నీ మధ్యలో కుప్పేసి కాలుస్తున్నారు. ఆ మంట పక్కనే టోపీ చేత్తో పట్టుకుని కలోజెరో నిలబడ్డాడు. లారీని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

నుంజియా దిగింది. నేరుగా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"నేల ఎవరికిచ్చావు?"

"ఇళ్లు కట్టేవాళ్లకి."

"ఎప్పుడు?"

"డిసెంబరు మొదట్లో."

"నేను విత్తనం వేసింది డిసెంబరు మధ్యలో బాబాయ్."

ఆయన టోపీ నెత్తిన పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"క్లబ్బులో నీకు అబద్ధం చెప్పలేదమ్మా. ఆ రోజు వేద్దామనే అనుకున్నా. తర్వాత సూపర్‌మార్కెట్ తరఫున కొనే ఆ పిల్ల వచ్చింది, రేటు కాస్త పెంచండమ్మా అంటే, స్పెయిన్ వాళ్లు ఇంతకన్నా తక్కువకే ఇస్తారు తాతా అంది. ఇంక ఓపిక చచ్చిపోయింది. నీకు చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ తీశానో ఆ దేవుడికే తెలుసు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి నాకు నోరు రాలేదే."

"నీకు నోరు రాలేదు. నాకు నోరు లేవలేదు. సరిపోయింది."

ఆవిడ ఆయన మీద అరుద్దామనుకుంది. కానీ అరిచే హక్కు తనకు సగమే ఉందని తెలుసు.

అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. చూసి, వేడి నిప్పు పట్టుకున్నట్టు నుంజియా చేతిలో పెట్టాడు. "ఆ పిల్లే. టామ్సిన్. దానిక్కూడా చెప్పలేదు."

టామ్సిన్ గొంతు హుషారుగానే ఉంది, కాకపోతే మాటల్లో తొందర. "తాతగారూ, స్పెయిన్‌లో రాత్రిళ్లు బాగా చలి పడుతోందట, కాయ ఊరడం లేదట. మొరాకో నుంచి ఓడలు కూడా ఆగాయి. మీది ఈసారి ఒక వారం ముందే మొదలెట్టగలరా? రేటు మాట్లాడుకుందాం."

"తాతగారు కాదు, నారు పోసే నుంజియాని" అంది ఆవిడ. "మొక్కలు నా లారీలో ఉన్నాయి. పెట్టడానికి షెడ్డు లేదు. కాలుతోంది."

"అయ్యో! వేరే ఎవరి దగ్గరన్నా సర్దలేరా?"

"ఎవరూ వెలిగించలేదమ్మా. ఈ లోయంతా చల్లగా ఉంది. మీరు ఫిబ్రవరిలో అరల్లో ఏం పెడతారో ఇప్పుడే ఆలోచించుకోండి."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి కలోజెరో లారీ తలుపులు బార్లా తెరిచేశాడు. ట్రేలు ఒక్కొక్కటే దింపి, కుంటుకుంటూ మోసుకుపోయి, మంట చుట్టూ పేరుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"వెచ్చగా ఉంటాయి. ఈ పూటకి కాపాడదాం. మధ్యాహ్నానికి ఎవరో ఒకరిని అడుగుతాను. నా మాట కాదనరు."

హెల్మెట్ల మనుషులు పని ఆపి చూస్తున్నారు. నుంజియా దగ్గరికెళ్లింది. మంట వైపు ఆకులు అప్పుడే ముడుచుకుంటున్నాయి. ఇవతలి వైపు ఆకులు చలికి నీరుగారి నల్లబడుతున్నాయి. ఒక్కో మొక్కకూ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. ముసలాయన ట్రేలను అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాడు. వెనక్కి తీసుకెళ్తే ఇవి ఇంకో వారం బతుకుతాయి. ఆ తర్వాత వీటినీ, నర్సరీలో మిగిలిన ఇరవై వేలనీ ఎవరి షెడ్లో పెట్టాలో ఆ ఆకాశానికే తెలియాలి.

"వదిలెయ్ బాబాయ్."

"ఉండమ్మా, ఇది ఇంకా పచ్చగానే ఉంది చూడు..."

"వదిలెయ్యమంటున్నా. రేపు జనం కాయలేవీ అని అడిగితే సూపర్‌మార్కెట్ వాళ్లు స్పెయిన్‌లో చలి పడిందని చెబుతారు. అది అబద్ధం కూడా కాదు."

ఆయన వినలేదు. ఇంకో ట్రే కోసం లారీ వైపు నడిచాడు. నుంజియా ఆయన చేతిలోంచి ట్రే లాక్కుని, మంటకు దూరంగా, ఇక చలికే వదిలేస్తున్నట్టు, మంచు మీద పెట్టింది. తర్వాత రెండోది. ఆయన ఆగి చూశాడు. కాసేపటికి ఆయన కూడా ఒక ట్రే తెచ్చి దాని పక్కన పెట్టాడు. నాలుగు వేల మొక్కలూ దింపడానికి వాళ్లిద్దరికీ గంటన్నర పట్టింది.