మెర్నా కొండమీద లేని స్పాంజీలు

మా స్టూబెన్ కౌంటీలో రాతి స్పాంజీలు దొరకని కొండ ఒక్కటే ఉండేది. అది మెర్నా కొండ. అల్వా క్రాండల్ గీసిన పటం అలాగే చెప్పేది మరి.

ఈ కొండలన్నీ సముద్రం అడుగున ఉన్న కాలంలో బతికిన స్పాంజీలనే సముద్రజీవులవి. రాయైపోయి, బొడిపెలు తేలిన మొక్కజొన్న కండెల్లా కనిపిస్తాయి. హైస్కూల్లో సైన్సు చెప్పే అల్వా సెలవు దొరికితే చాలు, సుత్తి పట్టుకుని వాగుల వెంట తిరిగేవాడు. స్పాంజీ దొరికిన ప్రతిచోటా పటం మీద ఎర్రచుక్క పెట్టేవాడు. చుక్కలు పెన్సిల్వేనియా సరిహద్దు దాకా పాకాయి. నడిమధ్యన మాత్రం అరచేయంత మేర తెల్లగా మిగిలిపోయింది.

ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. మెర్నా అతని మాజీ భార్య. విడాకులైన రోజున, "నా పొలంలో కాలుపెట్టావంటే కుక్కల్ని వదుల్తా" అంది. అల్వా ఆవిడ మాటను గౌరవించేవాడు. కుక్కల్ని ఇంకాస్త ఎక్కువ గౌరవించేవాడు.

తెలియనిది డాక్టర్ జోసెలిన్ క్రెబ్స్‌కి ఒక్కదానికే. పురాతన స్పాంజీలు ఎక్కడెక్కడ బతికాయో తేల్చడానికి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిందామె. పటం చూసి, "ఇక్కడేం లేవా?" అని అడిగింది.

"అక్కడ నాకెప్పుడూ ఏమీ దొరకలేదు" అన్నాడు అల్వా. అబద్ధం కాదు.

జోసెలిన్ ఆ ఖాళీ మీద పెద్ద వ్యాసమే రాసింది. ఒకప్పుడు అక్కడ ఒక నది సముద్రంలో కలిసేదట, దాని బురదకు స్పాంజీలు ఊపిరాడక చచ్చాయట. వ్యాసానికి మంచి పేరొచ్చింది. అల్వాను విందుకు పిలిచి ఇత్తడి ఫలకం చేతిలో పెట్టారు.

"మీ పటంలో అన్నిటికంటే విలువైంది ఆ ఖాళీయే క్రాండల్ గారూ" అంది జోసెలిన్. "లేదు అన్నదాన్ని ఇంత నిజాయితీగా ఎవరు చూపిస్తారు?"

అల్వా కోడిమాంసం పళ్ళెంలోనే వదిలేసి లేచాడు. మర్నాడు పొద్దున్నే మెర్నా పొలానికి వెళ్ళాడు.

ఆవిడ పాకలో సిరప్ కోసం మేపుల్ చెట్ల రసం మరిగిస్తోంది. ఆవిరిలోంచి తొంగి చూసి, "దారి తప్పావా?" అంది.

"లేదు. రాళ్ళు చూద్దామని."

"కాపురం చేసినన్నాళ్ళూ అవే చూశావుగా. ఇంకా మిగిలాయా?"

"నీ కొండమీద స్పాంజీలున్నాయా మెర్నా? అది చెప్పు చాలు."

"ఈ పొయ్యి దేంతో కట్టాననుకున్నావు?"

అల్వా వంగి చూశాడు. పొయ్యి గోడ నిండా మొక్కజొన్న కండెలే. కళ్ళు చెమర్చాయి. పొగ అన్నాడు.

"ఇన్నేళ్ళూ ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"నువ్వు అడిగితేగా!"

"కుక్కలు..."

"అవి పోయి ఎంత కాలమైందనుకున్నావు? నీకు భయమని తెలుసుగానీ, మరీ ఇంతనుకోలేదు."

ఇద్దరూ కొండెక్కారు. అన్ని స్పాంజీలు అల్వా జన్మలో ఒక్కచోట చూడలేదు. ఇంటికి వెళ్ళగానే జోసెలిన్‌కి ఫోన్ చేసి, విడాకులతో సహా అంతా చెప్పేశాడు. తన పేరూ పటం పరువూ పోయినట్టేనని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

జోసెలిన్ వచ్చింది. కొండంతా తిరిగి చూసి ఒక బండ మీద కూలబడింది. అల్వా టోపీ చేతిలో నలుపుతూ మెర్నా పక్కన నిలబడ్డాడు. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగింది.

"అంటే ఆ నది తెచ్చింది బురద కాదన్నమాట. తిండి! అందుకే ఇక్కడ ఇన్ని బతికాయి!"

"ఇంతకీ ఆ నది ఉన్నట్టా, లేనట్టా?" అడిగింది మెర్నా.

"అది ఎప్పుడో రుజువైపోయిందండీ. ఏం చేసిందన్నదే తేలాలి."

రెండో వ్యాసానికి మొదటిదాని కంటే ఎక్కువ పేరొచ్చింది. అల్వాకు ఇంకో ఫలకం వచ్చింది. ఇప్పుడు శనివారాలు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఆ కొండకే వెళ్తున్నాడు. ముందు కట్టెలు కొట్టిస్తేగానీ మెర్నా పైకి పోనివ్వదు.

మొన్న శరత్కాలంలో మోచేతి పొడుగు స్పాంజీ ఒకటి, ఎక్కడా పగలకుండా దొరికింది. ఏ మ్యూజియమైనా కళ్ళకద్దుకుని తీసుకునేది. అల్వా దాన్ని కడిగి, తుడిచి, మెర్నా చేతిలో పెట్టాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందని చెప్పి, గాలికి కొట్టుకోకుండా కొట్టం తలుపుకు ఆనించింది.

ఆ తలుపు దాటేటప్పుడల్లా అల్వా కాలు తగలకుండా పక్కకు జరిగి నడుస్తాడు.