రెండుసార్లు తడితే

"క్యూ, ఏ, టి."

టక్.

"క్యూ, ఓ, పి, హెచ్."

టక్.

జాబితా మీది చెక్క స్కేలును ఒక వరస కిందికి జరిపి ఆమె గుక్కెడు గోరువెచ్చని నీళ్ళు తాగింది. బల్లకు అటువైపు మాస్టారు తల ఎత్తలేదు. కింది అంతస్తులో అచ్చుయంత్రం నడుస్తున్నంతసేపూ గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

రెండు కుర్చీలు, ఒక బల్ల పడితే ఇక మనిషి పక్కకి తిరగలేని గది అది. కిటికీకి ఒక రెక్కే తెరుచుకుంటుంది. అక్షరాలు పేర్చి ఆడే ఆటలవాళ్ళ కోసం ఆ ఆఫీసు ఇంగ్లీషు మాటల పుస్తకాలు వేస్తుంది. క్యూ ఉండి యూ లేని మాటలన్నీ ఒకచోట, జెడ్‌తో ముగిసేవి ఇంకోచోట, రెండే అక్షరాలవి వేరే. ఆమె పాత జాబితా చూసి ఒక్కో అక్షరం పైకి చదవాలి. మాస్టారు కొత్త ప్రూఫులో సరిచూస్తారు. సరిపోతే పెన్సిలు వెనక కొసతో బల్ల మీద ఒకసారి తడతారు. రెండుసార్లు తడితే మళ్ళీ చదవమని. మధ్యలో మాట్లాడితే వరస తప్పుతుందని ఆయన పెట్టిన పద్ధతి. ఇరవై రెండేళ్ళుగా ఆమె చదువుతూనే ఉంది, ఆయన తడుతూనే ఉన్నారు.

"అర్థాలు మనకొద్దమ్మా. అక్షరం చెప్పు చాలు" అన్నారు మొదటిరోజున. పదోతరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన మనిషికి అంతకంటే చల్లని మాట ఎవరు చెబుతారు? భర్త పోయిన ఏడాది అది. చంకలో మూడేళ్ళ పిల్ల. ఆ రోజు నుంచి గొంతే ఆమెకు కూడు పెట్టింది. ఆఫీసులో అందరూ గొంతక్క అనే పిలుస్తారు. నిద్రలో కూడా ఆమె అక్షరాలు చదువుతుందని కూతురు చెబుతుంది. "మా అమ్మకి లక్ష ఇంగ్లీషు మాటలొచ్చు, ఒక్కదానికీ అర్థం తెలీదు" అని చిన్నప్పుడు వీధంతా చాటింపు వేసింది.

తెల్లారితే ఆపరేషన్. గొంతులో గడ్డతో పాటు మాట పుట్టే పెట్టె మొత్తం తీసేస్తారట. "మాట్లాడాల్సినవేమైనా ఉంటే ముందే మాట్లాడేసుకోండి" అన్నాడు డాక్టరు, పరగడుపున రండి అన్నంత మామూలుగా. పొద్దున పూట గొంతు బాగానే పలుకుతుంది. వాడినకొద్దీ చిరుగుతుంది. సాయంత్రానికి పీలికలే మిగులుతాయి.

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది.

"ఇవాళ కూడా వెళ్ళావా? నీకేమైనా పిచ్చా అమ్మా?"

"నాలుగు పేజీలే ఉన్నాయే."

"ఉన్న గొంతంతా ఆ క్యూలకీ జెడ్‌లకీ పోసేస్తే నాకేం మిగులుతుంది? సాయంత్రం షాపు నుంచి తొందరగా వస్తా. నీ మాటలు రికార్డు చేసుకుంటానని చెప్పానా లేదా?"

"దాచే ఉంచానులే. వస్తా."

ఇంట్లో కూర్చుంటే భయమేస్తోందని చెప్పలేదు. ఇక్కడైతే తర్వాతి అక్షరం ఏదో కాగితం మీదే ఉంటుంది.

భోజనాలయ్యాక ఏ, ఈ, ఐ, ఓ, యూలలో ఒక్కటీ లేని మాటల పేజీ తీశారు.

"సి, డబ్ల్యు, ఎం."

టక్ టక్.

మళ్ళీ చదివింది. టక్.

"సి, ఆర్, డబ్ల్యు, టి, హెచ్."

టక్ టక్.

పేజీ సగానికొచ్చేసరికి ప్రతి రెండో మాటకూ అదే వరస. గొంతులో ఇసుక పోసినట్టయింది. గ్లాసు ఖాళీ అయింది. సాయంత్రానికని దాచింది కరిగిపోతోంటే ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏం మాస్టారూ, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారా?"

టక్ టక్.

మళ్ళీ చదువుతూ ఈసారి తలెత్తి చూసింది. ప్రూఫులో ఆ మాట పక్కన టిక్కు ఎప్పుడో పడింది. కింది మాటలకీ పడింది. ఆయన ముందే ఒంటరిగా సరిచూసుకున్నట్టు, పేజీ చివరిదాకా పడిపోయింది. మాస్టారు కాగితం వంక చూడటమే లేదు. కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి వింటున్నారు.

ఆమె ఆ మాటనే మూడోసారి చదివింది. నెమ్మదిగా, ఏ అక్షరానికా అక్షరం విడదీసి. పెన్సిలు కదల్లేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నారాయన కళ్ళు తెరవకుండానే. "అమ్మాయి కోసం దాచుకున్నది నేను తాగేస్తున్నాను. లే, ఇంటికెళ్ళు. మిగిలింది ఒక్క పేజీ, నేను చూసుకుంటా."

"ఎవరు చదువుతారు?"

"ఇరవై రెండేళ్ళు విన్నానుగా. చెవిలో ఉందిలే."

ఆమె లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. ఏదో ఒకటి అనాలి. వేలు మడిచి, కణుపుతో బల్ల మీద ఒక్కసారి తట్టింది. టక్.

ఆయన తల దించుకున్నారు.

కూతురికి ఏమేం చెప్పాలో బస్సులో వరసగా పెట్టుకుంది. వాళ్ళ నాన్న సంగతి. చిన్నప్పుడు దానికి వచ్చిన, మూడురోజులు కళ్ళు తెరవని జ్వరం సంగతి. ఒకసారి కూతుర్ని తిట్టరాని మాట తిట్టింది, అందుకు క్షమించమని.

కూతురు ఫోన్‌ను చక్కెర డబ్బాకి ఆనించి ఎదురుగా కూర్చుంది. "ఊఁ, మాట్లాడమ్మా."

పెట్టుకున్న వరసంతా ఎటో పోయింది. ముందు కాగితం లేదు. కింద స్కేలు లేదు.

"తిన్నావా?" అంది.

"అది కాదమ్మా..."

"మధ్యాహ్నం తిన్నావా? మాడ్చుకున్నావా?"

తినలేదంది కూతురు. ఎందుకు తినలేదో చెబుతూ ఏడ్చింది. షాపులో యజమాని సంగతి చెప్పింది, రేపటికి తనకెంత భయంగా ఉందో చెప్పింది. ఆమె ఊకొట్టింది. "తర్వాత?" అంది. "ఏడవకే పిచ్చిమొహమా, నేనెక్కడికి పోతాను" అంది. ఏడు గంటలు దాటాక ఆమె పెదవులు మాత్రమే కదిలాయి.

నలభై నిమిషాల రికార్డింగు అది. అందులో గొంతంతా కూతురిదే.

మర్నాడు పదకొండింటికి ఆమె గొంతు పోయింది. మనిషి ఉంది.

ఆఫీసుకి ఆమె మళ్ళీ రాలేదు. వచ్చే పుస్తకాలన్నీ కంప్యూటరే సరిచూస్తుందని యజమాని చెప్పాడు. మాస్టారు సరేనన్నారు. ఆ ఆఖరి పేజీ మాత్రం ఆయన సరిచూడలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది లేకుండానే పుస్తకం బయటికెళ్ళింది. బల్ల మీద పాత జాబితా ఇంకా ఆమె వైపే తెరిచి ఉంది. ఆమె ఆగిన మాట కిందే చెక్క స్కేలు ఉంది. నడుమ, ఆమె బొటనవేలు ఆనేచోట, దాని అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి.