మెల్లిగా పాడే పాట

మా చర్చిలో ప్రభువు బల్లకు వాడే గ్లాసులకు సబ్బు పెట్టను. ఎంత కడిగినా వాసన పోదు, ద్రాక్షరసం రుచి చెడిపోతుంది. వేడినీళ్ళలో వేసి, చూపుడువేలికి మెత్తటి గుడ్డ చుట్టి, ఒక్కోదాన్నీ లోపల తిప్పి తుడవాలి. బొటనవేలంత గ్లాసులు మూడు వందల పది. "పాపం అమ్మగారు ఒక్కరే చేసుకుంటున్నారు" అంటారు సంఘంలో ఆడవాళ్ళు. జాలిపడి ఇంటికెళ్ళిపోతారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను వంటింట్లో ఆ పనిలోనే ఉన్నాను. ముందుగదిలో సంఘం సెక్రటరీగారు గొంతు సవరించుకుని చదువుతున్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఏం చదివినా డిక్టేషన్ చెప్పినట్టే ఉంటుంది. ఆదివారానికి మా సంఘం పుట్టి ఇరవై ఐదేళ్ళు. ఆ రోజు అందరి చేతుల్లోనూ సంఘచరిత్ర పుస్తకం పెట్టాలని ఆయన పట్టుదల. సాయంత్రానికి అది ప్రెస్సుకు వెళ్ళాలి. మావారు, అంటే పాస్టర్‌గారు, వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని వింటున్నారు.

"'దైవజనులైన మన పాస్టర్‌గారు దర్శనం పొంది, ఈ ఊరి కోసం ఒంటరిగా మోకరించి కన్నీళ్ళు కార్చారు. ఏడుగురు పురుషులతో సంఘాన్ని స్థాపించారు. ఆరాధనలో మొదటి పాటను గొంతు తగ్గించి పాడే భక్తిగల అలవాటును వారే నేర్పారు. నేటికీ పై ఊళ్ళ సంఘాలవారు అది చూసి ఆశ్చర్యపోతారు.' ఎలా ఉందండీ?"

"బాగా వచ్చింది" అన్నారు మావారు.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజుల్లో మావారు మిల్లులో పనిచేసేవారు. శనివారం నైట్ డ్యూటీ చేసి ఆదివారం పొద్దున్నే వచ్చి ముందుగదిలో పడుకునేవారు. సరిగ్గా ఆ వేళకే వీధి చివరి టైలరమ్మ, ఆస్పత్రి నర్సు, ఇంకో ముగ్గురు పెరటి గుమ్మంలోంచి మా వంటింట్లోకి వచ్చేవాళ్ళు. టైలరమ్మ బిడ్డ పోయి అప్పటికి నెల. ఆమె కోసం ప్రార్థన చేద్దామని పిలిచింది నేనే. పొయ్యికీ నీళ్ళ బిందెకీ మధ్య ఆరుగురం మోకాళ్ళు తగిలేలా కూర్చునేవాళ్ళం. వాక్యం నేను చదివేదాన్ని, రెండు మాటలు చెప్పేదాన్ని. పాట ఎత్తుకుంటే చాలు, మా అత్తయ్య తలుపు సందులోంచి తల పెట్టేది. "మెల్లిగా పాడవే! రాత్రంతా డ్యూటీ చేసొచ్చాడు, వాడు లేస్తాడు." మేం గొంతులు మింగేసుకుని పాడేవాళ్ళం. ఏడుపు కూడా అలాగే ఏడ్చింది టైలరమ్మ, నోట్లో గుడ్డ కుక్కుకుని.

మా పాటకి ఆయన ఒక్కసారి లేచారు. పెరట్లోకొచ్చి, చెప్పులన్నీ లెక్కపెట్టినట్టు చూసి, "ఆదివారం కూడా మనిషిని పడుకోనివ్వరా?" అన్నారు. ఆయన దర్శనం అదీ.

ఏడాది తిరిగేసరికి ఆరుగురం ముప్ఫైమందిమయ్యాం. వాళ్ళ మొగుళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. మగవాళ్ళొచ్చాక కుర్చీలు కావాల్సొచ్చాయి, వంటింట్లో పట్టక ముందుగదికి మారాం. అప్పుడే మిల్లు మూతపడి ఆయన ఇంట్లో ఉన్నారు. "ఇంట్లో మగమనిషి ఉండగా ఆడమనిషి నిలబడి వాక్యం చెప్పడమేంటమ్మా?" అన్నారు ఎవరో. ఆ ఆదివారం నుంచి ఆయన నిలబడ్డారు, నేను టీ పెట్టడానికి వెళ్ళాను. ఆయనకు మాట బాగా వస్తుంది, అబద్ధమెందుకు చెప్పాలి. వాక్యం వెతికి, కాగితం మీద రాసి, ఇస్త్రీ చేసిన చొక్కా జేబులో పెట్టేది మాత్రం ఇప్పటికీ నేనే. ముందుగది రేకులషెడ్డయింది, షెడ్డు గుడయింది. మొదటి పాట మెల్లిగా పాడటం మాత్రం వంటింట్లోంచి మాతోపాటే వచ్చేసింది. కొత్తగా చేరినవాళ్ళు అదేదో భక్తి అనుకున్నారు.

చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళాను.

"సెక్రటరీగారూ, ఆ ఏడుగురు మగవాళ్ళు వచ్చింది తర్వాతండీ. మొదలుపెట్టింది మేం ఆరుగురు ఆడవాళ్ళం. ఆ పాట కూడా ఈయన నిద్ర చెడకూడదని మెల్లిగా పాడిందే. అలా రాయండి."

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు, తప్పు లెక్క చేసిన పిల్లని చూసినట్టు. "ఆడవాళ్ళు వంటింట్లో కూర్చుని పాడుకుంటే సంఘమంటారా అమ్మగారూ? పైగా చరిత్రకి సాక్ష్యం కావాలి. ఎవరున్నారు చెప్పడానికి?"

టైలరమ్మ చనిపోయింది. నర్సు బదిలీ అయి వెళ్ళిపోయింది. మిగతా ముగ్గురూ ఎక్కడున్నారో నాకే తెలీదు. మావారి వైపు చూశాను. ఆయన కళ్ళు తెరవలేదు.

"మీ గురించి చివరి పేజీలో వేశాం కదండీ" అని సెక్రటరీగారు చదివి వినిపించారు. "'పాస్టరమ్మగారు వచ్చినవారికి విసుగులేకుండా టీ అందిస్తూ పరిచర్యలో చేదోడువాదోడుగా ఉన్నారు.' ఫోటో కూడా ఉంది."

ఆయన వెళ్ళాక మావారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "దేవుడికి తెలుసు కదా, మళ్ళీ మనుషుల మెప్పెందుకు నీకు?" అన్నారు, ప్రసంగంలో వాడే మెత్తని గొంతుతో.

"మరి మీకెందుకు?"

"నలుగురిలో నా పరువు తియ్యాలని కంకణం కట్టుకున్నావా? ఇరవై ఐదేళ్ళు నోరు మూసుకున్నావు. ఇంకో రెండ్రోజులు మూసుకోలేవా?"

ఇరవై ఐదేళ్ళుగా నేను నోరు మూసుకునే ఉన్నానని ఆయనకీ తెలుసన్నమాట. ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే. మర్చిపోయి ఉంటే క్షమించేదాన్నేమో.

ఆదివారం గుడి నిండిపోయింది. ముందు వరసలో నేను, నా పక్కన అత్తయ్య. ఆవిడకి ఎనభై దాటాయి. చెవులు సరిగా వినపడవు, ఏ రోజులో ఉందో తెలీదు, పొద్దున స్నానం చేయిస్తుంటే "వాడు డ్యూటీ దిగాడా?" అని అడిగింది. అందరి ఒళ్ళోనూ కొత్త పుస్తకాలు, ఇంకు వాసన. నేను నాది తెరవలేదు. వేదిక మీద మావారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కీబోర్డు మెల్లిగా మొదలైంది. మూడు వందలమంది ఒక్కసారే గొంతు తగ్గించారు. వెనక్కి తిరిగి చూశాను. పెళ్ళికాని పిల్లలు, బాలింతలు, ముసలమ్మలు, అందరూ ఒకే మనిషి నిద్ర చెడకుండా పాడుతున్నారు. వాళ్ళకా సంగతి తెలీదు.

నేను లేచి నిలబడి, గొంతెత్తి పాడాను. ఆ పాట నా నోట అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. మొదట గొంతు బొంగురుపోయింది, తర్వాత తెరుచుకుంది. వెనక పాట తడబడి ఆగిపోయింది. కీబోర్డూ ఆగింది. సెక్రటరీగారు కూర్చోమని చేత్తో సైగ చేస్తున్నారు.

అత్తయ్య ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుని లాగింది. చెవులు వినపడనివాళ్ళ మాట కదా, గుడంతా వినపడింది.

"మెల్లిగా పాడవే! రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. నువ్వూ, ఆ టైలరమ్మా, మీ వంటింటి ప్రార్థనా! వాడు లేస్తాడే!"

వేదిక మీద మావారు కళ్ళు తెరిచారు.

"లేవనివ్వండి అత్తయ్యా" అని, నేను రెండో చరణం ఎత్తుకున్నాను.