బీమా గదిలో వాన

నాన్న టిఫిన్ పెట్టాడు, అమ్మాయి తింది. టీ ఇచ్చాడు, తాగింది. అది నోరు కాలేంత వేడిగా ఉందని ఆయనకు తన గ్లాసు ఎత్తాక గానీ తెలియలేదు. వాళ్ళమ్మ పోయి ఏడు నెలలు. అప్పటి నుంచి అమ్మాయికి వేడీ చలీ, ఇష్టమూ కష్టమూ అన్నీ ఒకటే. కంట తడి కూడా పెట్టకపోతే చుట్టాలు దాన్ని గుండె నిబ్బరం అనుకుని మెచ్చుకున్నారు. చుట్టాలకేం, ఏదో ఒకటి అనాలి కదా.

"ఇవాళేగా ఆ ఫారం ఇవ్వాల్సింది?" అన్నాడు నాన్న. ఆయన లిఫ్టు మెకానిక్కు. "ఫైనాన్స్‌కి టిక్కు పెట్టెయ్యమ్మా. మీ బాబాయి తన ఆఫీసులో తీసుకుంటానన్నాడు. అది తప్ప వేరేది చదివితే తన వల్ల కాదన్నాడు."

"సరే నాన్నా."

జెల్ పెన్నుతో టిక్కు పెట్టేసింది. వద్దనిపించలేదు, కావాలనీ అనిపించలేదు. బిజినెస్ డిగ్రీ చివరి ఏడాది ఏం చదవాలో, ఆ తర్వాత బతుకంతా ఏ కుర్చీలో కూర్చోవాలో అర నిమిషంలో తేలిపోయింది.

అయితే ఆ కాలేజీలో ఓ నియమం ఉంది. ఏది చదవదలుచుకున్నా సరే, ముందు మూడు సబ్జెక్టుల క్లాసుల్లో గంటసేపు చొప్పున కూర్చుని, ముగ్గురు లెక్చరర్ల సంతకాలు తెచ్చుకోవాలి. తర్వాత ఎండ పడలేదనీ గాలి సరిపోలేదనీ ఆఫీసు చుట్టూ తిరక్కుండా పెట్టిన నియమమది. అక్కడ ఒక్కో గదికి ఒక్కో వాతావరణం మరి, కట్టినప్పటి నుంచీ అంతే. మార్కెటింగ్ గదిలో ఎప్పుడూ పిల్లగాలి వీస్తుంది కాబట్టి సీట్లు మొదటి రోజే నిండిపోతాయి. పిల్లలు చదువు కోసం వస్తున్నారో గాలి కోసం వస్తున్నారో ఆ లెక్చరరుకు ఇప్పటికీ అనుమానమే. ఫైనాన్స్ గదిలో మిట్టమధ్యాహ్నపు ఎండ, అందరూ నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకుని వింటారు. ఆ రెండు చోట్లా అమ్మాయి కూర్చుని వచ్చింది. గాలికి ఆమె జుట్టు ఎగిరిందని, ఎండకి ముక్కు కమిలిందని పక్కవాళ్ళు చెబితేనే తెలిసింది.

మూడో సంతకానికి మిగిలింది బీమా గది. అక్కడ వాన.

"గొడుగేదే?" అంది పక్కన కూర్చున్న స్నేహితురాలు. నోరు మూత పడదు కాబట్టి ఆమెను అందరూ రేడియో అంటారు. "ఫారమన్నా కవర్లో పెట్టుకో తల్లీ!"

"పర్లేదులే," అని అమ్మాయి ఫారాన్ని బల్ల మీదే ఉంచింది.

ఆ గదిలో బోర్డు మీద రాసింది నిలవదు గనక బీమా మేడం అన్నీ నోటితోనే చెబుతారు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో వరసగా బాల్‌పెన్ను సంతకాలు చేస్తూ వచ్చి, అమ్మాయి దగ్గర ఆగారు.

"ఒకావిడ వచ్చిందనుకో. భర్త పోయాడు. చేతిలో కాగితాలున్నాయి. కౌంటర్లో నువ్వున్నావు. ముందు ఏం అడుగుతావు?"

"పాలసీ నంబరు," అన్నారు వెనక నుంచి. "మరణ ధ్రువీకరణ పత్రం," అన్నారు ఇంకెవరో.

"కూర్చోమంటాను మేడం," అంది అమ్మాయి.

మేడం ఆమె ఫారం మీద సంతకం చేస్తూ, "ఎందుకలా?" అన్నారు.

"అమ్మ పోయినప్పుడు బీమా ఆఫీసుకి నేనే వెళ్ళాను. నాన్న లేవలేకపోయాడు. రెండు గంటలు నిలబెట్టారు. ఆ నంబరు లేదు, ఈ కాపీ లేదు అని తిప్పారు. పక్కనే కుర్చీ ఉంది మేడం. ఎవరూ కూర్చోమనలేదు."

అంతమంది ముందు అంత పొడుగు మాట ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది, మెడ మీంచి వీపులోకి చన్నీళ్ళు కారుతున్నాయని. ఒక్కసారి ఒళ్ళు జలదరించింది.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఫారం తిప్పి చూశాడు. బాల్‌పెన్ను సంతకాలు నిలిచాయి గానీ, టిక్కు ఆనవాలు లేకుండా కరిగి, నీలం మరక అన్ని గళ్ళ మీదా పరుచుకుంది.

"టిక్కేదమ్మా? దేనికి పెట్టమంటావు? నాలుగవుతోంది, కౌంటరు మూసెయ్యాలి."

ఏం చెప్పాలో నాన్న పొద్దున్నే చెప్పాడు. అది నోటిదాకా వచ్చింది కూడా. "బీమా అండీ," అంది. అన్నాక భయం వేసింది.

ఇంట్లో నాన్న అంతా విని మంచం మీద కూలబడ్డాడు. "మీ బాబాయికి ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావే?"

అమ్మాయి జవాబివ్వబోయింది, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. "చలేస్తోంది నాన్నా," అంది. ఆ మాటతో పాటు ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

నాన్న లేచి తువ్వాలు తెచ్చి, చిన్నపిల్లకి తుడిచినట్టు తల తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"వాడికి నేను చెప్పుకుంటాలే," అన్నాడు.